బొరుసు లేని నాణెం

మార్చి 4, సోమవారం

మ్యాజిక్ ఆయన ఫోన్ చేశాడు. ఇక ప్రదర్శనలు మానేస్తున్నాడట. పుట్టినరోజులకి ఇప్పుడు మ్యాజిక్ ఎవరూ పెట్టించుకోవడం లేదట, గాలి నింపిన రబ్బరు కోటలు అద్దెకు తెచ్చుకుంటున్నారట. "ఆ నాణేలు చేసేశారా?" అని అడిగాడు. చేసేశానన్నాను. "అయ్యో," అన్నాడు. తీసుకుంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ అయ్యోలోనే అంతా ఉంది.

నాలుగు చేశాను. చెలామణీ ఆగిపోయిన పాత నాణేలు. ఒకదాని వెనకవైపు అంచు మాత్రం మిగిలేలా తొలిచి, ఇంకోదాన్ని ఆ గుంటలో సరిగ్గా పట్టేదాకా అరగదీసి, లోపల కూర్చి నొక్కేస్తే రెండువైపులా బొమ్మే. బొరుసు ఉండదు. అతుకు అంచు లోపలి మూలలో దాక్కుంటుంది. నేను చేస్తే కనపడదు. ముప్పై ఒక్క ఏళ్ళు పళ్ళ ల్యాబ్‌లో తొడుగులు చేసిన చేతులివి. చిగుళ్ళ దగ్గర వెంట్రుకవాసి తేడా ఉన్నా డాక్టర్లు తిప్పి పంపేవారు. నావి తిరిగొచ్చినవి తక్కువ.

జనవరిలో ల్యాబ్ మూసేశారు. ఇప్పుడు మెషీనే కొలత తీసుకుంటుంది, మెషీనే పన్ను కోస్తుంది. నా చేతి డ్రిల్లు, పాలిష్ చక్రం నాకే ఇచ్చి పంపించారు. మర్యాద కోసం కాదు, వాళ్ళకి అడ్డమని.

మార్చి 9, శనివారం

ఇవాళ మొత్తానికి మాట్లాడింది కూరల కొట్టులో, "సంచి ఉందండీ" అని. లెక్కేస్తే రెండు మాటలు.

మార్చి 12, మంగళవారం

బ్యాంకు వెనక సందులో, తాళాలు బాగుచేసే ఆయన పక్కన ఒక నాణేల షాపు ఉంది. ఈ నాలుగూ ఆటవస్తువులుగా ఏమైనా కొంటారేమో అడుగుదామని ఒకటి పట్టుకెళ్ళాను. షాపాయనకి అరవై ఐదు దాకా ఉంటాయి. మెడలో దారానికి భూతద్దం వేలాడుతోంది. టీ తాగుతున్నప్పుడు అది గ్లాసులో మునగకుండా ఎడమచేత్తో పట్టుకున్నాడు. మనసులో వెంటనే పేరు పెట్టేశాను, భూతద్దం గారు.

నాణెం గుడ్డ మీద పెట్టాను. 'మ్యాజిక్ కోసం చేసిందండీ' అనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే దాన్ని తిప్పేశాడు. మళ్ళీ తిప్పాడు. నా ముఖం చూశాడు. లేచి వెళ్ళి షట్టరు సగం దించాడు.

"కూర్చోండమ్మా. ఇది ఎక్కడిది?"

"ఇంట్లో ఉందండీ."

అది నిజం.

"ఇంట్లో అంటే పెద్దవాళ్ళదా? నాన్నగారు ఏం చేసేవారు?"

"బస్సు కండక్టరండీ."

అదీ నిజం.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ సంగతి. రోజూ సంచినిండా చిల్లర. ఎన్ని చేతులు దాటి వచ్చిందో, మీ నాన్నగారి కంటికి ఆగింది."

టంకశాలలో ఎప్పుడైనా పొరపాటున రెండు అచ్చులూ బొమ్మవైపువే పెట్టేస్తే ఇలాంటిది పుడుతుందట. అటువంటిది ఉంటుందని విన్నాడు గానీ చూడలేదట. తూచాడు, సరిపోయింది. సరిపోతుంది, నేను అలాగే చేశాను. గాజు మీద వేసి చప్పుడు విన్నాడు. "కొంచెం బొంగురుగా ఉంది, వయసు మీద పడింది పాపం," అని నవ్వాడు. పదిరోజులు ఉంచుకుని పుస్తకాలు చూస్తానన్నాడు. నాకు కూడా టీ తెప్పించాడు. గంటన్నర కూర్చున్నాను.

ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చాక రెండుసార్లు గుర్తుచేసుకుని చూశాను. ఒక్కటి కూడా లేదు.

మార్చి 13, బుధవారం

ఆయనది నాణేల వ్యాపారం. నాది పళ్ళ పని. ఆయన భూతద్దానికి కనపడనిది నేను చెప్పాలా?

అయినా నా పని ఎప్పుడూ ఇంతే కదా. ఎదుటివాళ్ళు గుర్తుపట్టలేకపోతేనే మంచి తొడుగు. ఈ ఊళ్ళో ఎందరి నోళ్ళలో నా పని ఉందో. వాళ్ళు నవ్వినప్పుడు ఒక్కరూ నన్ను తలుచుకోరు. తలుచుకోకపోవడమే పని బాగుందనడానికి గుర్తు. దాన్ని మోసం అన్నవాళ్ళు ఎవరున్నారు?

మార్చి 22, శుక్రవారం

పుస్తకాల్లో దొరకలేదట. దొరకకపోవడమే దాని గొప్పతనం అన్నాడు. కొన్నాడు. ఆ డబ్బు మూడు నెలల ఇంటి అద్దెకి వస్తుంది. నేను అడిగింది కాదు, ఆయనే ఇచ్చాడు. అమ్మడట. మేలో నాణేల సంఘం వార్షిక సమావేశంలో అందరికీ చూపిస్తాడట.

"ముప్పై ఏళ్ళుగా సంఘంలో వెనక వరసలో కూర్చుంటున్నానమ్మా. ఈసారి ముందుకి పిలుస్తారు," అన్నాడు.

తర్వాత అడిగాడు. "నాన్నగారు మీకెప్పుడైనా చూపించేవారా?"

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఆదివారాల్లో నాన్న మంచం మీద దుప్పటి పరిచి, విడిగా దాచిన నాణేలన్నీ వరసగా పెట్టేవాడని చెప్పాను. 'చూడవే, దీనికి ముక్కు వంకర' అనేవాడని చెప్పాను. ఆ వంకర ముక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. భూతద్దం గారు ఎంత నవ్వాడో. నేనూ నవ్వాను. దారిలో కూడా ఇంకా నవ్వు వస్తూనే ఉంది.

మార్చి 29, శుక్రవారం

ఇటేదో పని ఉండి వచ్చానని షాపులో చెప్పాను. అటు ఏ పనీ లేదు.

ఆయన భార్య పోయి ఆరేళ్ళయిందట. షాపు మూసేసి సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిమ్మని అల్లుడు పోరుతున్నాడట. "వాడికేం చెప్తాం చెల్లెమ్మా, మూడు నాణేలు చూపిస్తే మూడూ ఒకటే అంటాడు," అన్నాడు.

చెల్లెమ్మా అన్నాడు.

ఏప్రిల్ 5, శుక్రవారం

వెళ్ళలేదు. ఊరికే ఎన్నిసార్లు వెళ్తాం.

ఏప్రిల్ 12, శుక్రవారం

వెళ్ళలేదు. షాపు ఉన్న సందు దాకా వెళ్ళి, తాళాలాయన దగ్గర అక్కర్లేని తాళంచెవి ఒకటి చేయించుకుని వచ్చాను.

ఏప్రిల్ 16, మంగళవారం

రెండోది ఇచ్చాను. నాన్న పెట్టెలో అడుగున దొరికిందన్నాను.

ఇది అబద్ధం. రాస్తున్నాను కదా, ఇక్కడ ఒప్పుకుంటే చాలు.

డబ్బు కోసం కాదు. వెళ్ళడానికి ఇంకో కారణం దొరకలేదు. "మీ నాన్నగారు సామాన్యుడు కాదు," అన్నాడు. రెండూ దగ్గర పెట్టుకోలేడట. రైల్లో గంట దూరంలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నాడు, ఆయన కొంటాడన్నాడు. "ఊరికే అమ్మను. మీ నాన్నగారి కథ చెప్పి అమ్ముతాను."

ఇవాళ ఇంకా చెప్పాను. నాన్నకి జ్వరం వస్తే నాణేలు చేతిలో పెట్టుకుని పడుకునేవాడని, అవి చల్లగా ఉంటాయని. నాకు పదేళ్ళప్పుడు ఒకటి నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడని.

చెప్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మాత్రం కల్పించినవి కావు.

ఏప్రిల్ 21, ఆదివారం

చెల్లి ఫోన్ చేసింది. మాటల్లో అడిగాను, నాన్న మనకెప్పుడైనా నాణేలు చూపించాడా అని.

"నాన్నా? మనతో కూర్చున్నాడా అసలు ఎప్పుడైనా? డ్యూటీ నుంచి వచ్చి సంచి బోర్లించి లెక్కపెట్టుకునేవాడు. నోరు మెదిపితే లెక్క తప్పుతుందనేవాడు. ఆ గంట మనం వరండాలో ఉండేవాళ్ళం. మర్చిపోయావా అక్కా?"

మర్చిపోలేదన్నాను.

మే 6, సోమవారం

సమావేశం ఆదివారం. నన్ను కూడా రమ్మన్నాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడట, ఈ వయసులో ఏంటో అనుకోకండి అన్నాడు.

అక్కడ ఇంకా పెద్ద భూతద్దాలు ఉంటాయి.

మే 12, ఆదివారం

జ్వరమని ఫోన్ చేసి చెప్పాను. "నాణెం ఒకటి చేతిలో పెట్టుకుని పడుకోండి," అన్నాడు నవ్వుతూ.

మే 14, మంగళవారం

షాపు మూసి ఉంది.

మే 15, బుధవారం

మూసి ఉంది. తాళాలాయనని అడిగాను. తెలియదన్నాడు.

మే 17, శుక్రవారం

ఆయన ఇంటికి వచ్చాడు. అడ్రసు రసీదు మీద ఉంది కదా. కాలింగ్ బెల్లు మోగితే ఎదురింటివాళ్ళదేమో అనుకున్నాను. మా ఇంటి బెల్లు చప్పుడు నాకు అలవాటు లేదు.

లోపలి బల్ల మీద డ్రిల్లు, చక్రం ఉన్నాయి. తువ్వాలు కప్పేసి వచ్చి తలుపు తీశాను.

నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టకుండా చెప్పాడు. సంఘంలో పరీక్షించే ఆయన నాణేన్ని చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టాడట, మరోసారి కొట్టాడట. పెద్ద యంత్రం కింద పెట్టి అంచు వెంట చూశాడట. సన్నని బ్లేడు దూర్చగానే డబ్బా మూతలా ఊడి వచ్చిందట. ముందు వరసలో వాళ్ళు నవ్వారట. వెనక వరస కూడా. ఎవరిచ్చారని అడిగితే పేరు చెప్పలేదట. విచారణ అయ్యేదాకా సభ్యత్వం ఆపి ఉంచారు.

నేను గోడ వైపు చూస్తూ ఉన్నాను. తిట్టడానికి వచ్చాడనుకున్నాను.

"నేను వచ్చింది అందుకు కాదు చెల్లెమ్మా. ఇంకెవరి నోటివెంటో వింటే మీరు బాధపడతారని. మీ నాన్నగారిని ఎవరో మోసం చేశారు. పాపం, జీవితమంతా అపురూపంగా దాచుకున్నాడు. ఆ సంగతి తెలియకుండానే పోయాడు, అదొక్కటే నయం. మీరు మాత్రం ఆయన్ని తక్కువగా చూడకండి."

డబ్బు తిరిగిస్తానన్నాను. వద్దన్నాడు. మోసపోయినవాళ్ళ దగ్గర ఏం తీసుకుంటామన్నాడు.

గుమ్మం దగ్గర ఆగాడు. "ఒక్కమాట. చేసినవాడు దొంగే. కానీ ఆ చేతులు మాత్రం మామూలువి కావు. అంచు లోపల ఎంత శుభ్రంగా ఉందో మీరు చూడాల్సింది. ఎవరికీ కనపడని చోట కూడా పాలిష్ పెట్టాడు."

ముప్పై ఒక్క ఏళ్ళలో నా పనిని ఎవరూ అంత దగ్గరగా చూడలేదు. నేనేనండీ అనడానికి నోరు తెరిచాను. పొగడ్త అందుకోవడానికే తెరిచాను, తప్పు ఒప్పుకోవడానికి కాదు. అది తెలిసి మూసేశాను.

మే 18, శనివారం

చెప్పలేదు.

మే 20, సోమవారం

ఆయనకి నా మీద కోపం లేదు. నాన్న మీదా కోపం లేదు. ఎవరో లేని మనిషి మీద ఉంది. లేని మనిషికి నొప్పి తెలియదు. ఇలాగే ఉండనిస్తే ఎవరికి నష్టం?

సభ్యత్వం.

మాస్టారు.

కొత్త చొక్కా.

మే 23, గురువారం

తొడుగు సంగతి రాశాను మార్చిలో. తప్పు రాశాను. తొడుగు పెట్టుకున్నవాడికి అది తొడుగని తెలుసు. ఎదుటివాడికి తెలియకపోయినా నోరున్నవాడికి తెలుసు. నేను ఆయన నోట్లో ఆయనకి తెలియకుండా పన్ను పెట్టాను.

మే 25, శనివారం

చెల్లికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆదివారాల సంగతి, వంకర ముక్కు, గుప్పిట, అన్నీ. తిడుతుందనుకున్నాను.

"అంత మంచి నాన్నని చేశావు కదా," అంది. "తీసుకెళ్ళి బయటాయనకి ఇచ్చావేం? నాకు చెప్పచ్చుగా ఒక్కసారైనా."

ఏడుస్తోంది. దానికి యాభై నాలుగేళ్ళు.

మే 27, సోమవారం

షాపు తెరిచి ఉంది. మిగిలిన రెండు నాణేలు, డ్రిల్లు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. గుడ్డ మీద పెట్టాను.

ఆయన డ్రిల్లు చూశాడు. "ఇదేంటి?"

"పళ్ళ ల్యాబ్‌లో వాడేదండీ. అక్కడే పనిచేశాను. ఆ నాణేలు నేనే చేశాను. ఒక మ్యాజిక్ ఆయన కోసం. మీకు ఆటవస్తువులని చెప్పి అమ్ముదామనే వచ్చాను మొదట. చెప్పలేదు."

ఆయన అలవాటుగా భూతద్దం ఎత్తి, నాణెం చూడకుండానే దించేశాడు.

"నాన్నగారి పెట్టెలో దొరికాయన్నారు."

"పెట్టె లేదండీ."

"మరి ఆదివారాలు?"

"ఆదివారం కూడా డ్యూటీ ఉండేదండీ."

"గుప్పిట మూయడం?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన గుడ్డ అంచు నాలుగుసార్లు సర్దాడు. నాణెం దొంగదని సంఘంలో తెలిసినప్పుడు ఆ ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. కానీ ఇంతలా వాడిపోయి ఉండదు.

"నాణెం పోతే పోయింది," అన్నాడు. "రోజూ షట్టరు వేసేటప్పుడు మీ నాన్నగారిని తలుచుకునేవాణ్ణి. నా వ్యాపారం అర్థమైన మనిషి ఒక్కడైనా ఉన్నాడని."

డబ్బు బల్ల మీద పెట్టాను. ఈసారి తీసుకున్నాడు. నాణేలు, డ్రిల్లు నా వైపు జరిపాడు.

"ఇంక రాకండి మేడమ్," అన్నాడు.

జూన్ 3, సోమవారం

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. మేడ మీద రెండు గదులు, ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తున్నాయి. కార్యదర్శి ముందు ఒక నాణెం విప్పి, మళ్ళీ మూసి చూపించాను. షాపాయనకి ఏమీ తెలియదని రాసి సంతకం పెట్టాను. సభ్యత్వం తిరిగి ఇస్తారు. పోలీసులదాకా వెళ్ళాలా అన్నది షాపాయన ఇష్టానికి వదిలేసి, అప్పటికప్పుడే ఫోన్ చేసి అడిగారు. ఆయన వద్దన్నాడట.

బయటికి వస్తుంటే కార్యదర్శి వెనకే వచ్చి, గొంతు తగ్గించి, తనకి ఒకటి చేసిపెడతానా అని అడిగాడు. "ఊరికే, సరదాకి. చాలా బాగుంది పని." వద్దన్నాను. ఒప్పుకోవాలని ఎంత అనిపించిందో ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

మిగిలిన రెండూ ఇంటికి తెచ్చి ముక్కలుగా కోసేశాను.

జూన్ 13, గురువారం

షాపాయన ఫోన్. నంబరు చూసి రెండుసార్లు తుడుచుకున్నాను కళ్ళద్దాలు.

"మాస్టారు నమ్మడం లేదు. డబ్బు తిరిగిస్తానంటే, ఎక్కువ ధరకి ఇంకెవరికో అమ్ముకోవడానికే అలా అంటున్నానని అనుకుంటున్నాడు. మీరు వచ్చి చెప్పాలి. శనివారం పదిన్నర బండి."

జూన్ 15, శనివారం

ఆయన వేరే పెట్టెలో ఎక్కాడు.

స్టేషన్ నుంచి మాస్టారి ఇంటికి పది నిమిషాల నడక. ఆయన నాలుగడుగులు ముందు, నేను వెనక. మాస్టారు తలుపు తీశాడు. ఎనభై దాటినవాడు. షాపాయన నన్ను చూపించి "ఆ నాణెం ఈవిడదేనండీ" అన్నాడో లేదో, మాస్టారి ముఖం విప్పారిపోయింది. లోపలికి కేకేశాడు, "ఏమేవ్, కండక్టర్ గారి అమ్మాయి వచ్చింది."

ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. జ్వరమొస్తే నాణేలు చేతిలో పెట్టుకునేవాడటగా, మా మాస్టారు నాకు కూడా పెట్టారమ్మా పోయిన నెల, నిజంగానే చల్లగా ఉన్నాయి అంది.

ఆ చేతులు పట్టుకుని ఉండగానే చెప్పాను. వదిలించుకుని చెప్పడం చేతకాలేదు. నాణెం తెమ్మని బ్లేడుతో విప్పి చూపించాను. రెండు ముక్కలూ మాస్టారి అరచేతిలో ఉన్నాయి. ఆయన చాలాసేపు వాటిని ఒకదాన్లో ఒకటి పెట్టి తీస్తూ ఉన్నాడు. కోపం వచ్చింది. "లెక్కలు చెప్పినవాణ్ణి, నన్ను ఇంత తేలిగ్గా..." అని ఆగిపోయాడు. షాపాయన ఇచ్చిన డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు.

ఆవిడే కూర్చోబెట్టింది. కాసేపటికి అడిగింది, "మరి మీ నాన్నగారు ఎలాంటివాడమ్మా? నిజంగా?"

ఎవరూ అడగలేదు ఇది. ఏమీ లేదండీ అనబోయాను. చెప్పడానికి ఏదీ లేదనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

"లెక్కపెట్టేటప్పుడు మాట్లాడనిచ్చేవాడు కాదండీ," అన్నాను. "లెక్క అయిపోయాక చేతులు నల్లగా అయ్యేవి, చిల్లర పట్టుకుని పట్టుకుని. పెరట్లోకి వచ్చి రెండు చేతులూ చాచి నిలబడేవాడు. పిలిచేవాడు కాదు. నేను చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. చెల్లి చిన్నది, దానికి చెంబు బరువు. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా పోసేదాన్ని. తర్వాత తడిచెయ్యి నా తల మీద తుడుచుకునేవాడు. తువ్వాలు పక్కనే ఉండేది."

అంతే. ఇంకేం గుర్తురాలేదు. ఇది కల్పించినది కాదని రాసిపెట్టుకుంటున్నాను, రేపు నాకే అనుమానం వస్తుందేమోనని. చెల్లికి చెప్పాలి.

షాపాయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో బండి ఆలస్యం. ఒకే బల్ల మీద చెరో చివర కూర్చున్నాం. పావుగంట తర్వాత, పట్టాల వైపే చూస్తూ అన్నాడు.

"అది నాకు చెప్పి ఉంటే సరిపోయేది కదా. నాణెం లేకపోయినా."

బండి వచ్చింది. ఆయన మళ్ళీ వేరే పెట్టెలోకే వెళ్ళాడు.

దిగేసరికి పెద్ద వాన. జనం అంతా వెళ్ళిపోయారు. ఆయన మెట్ల దగ్గర గొడుగు విప్పుకుని ఆగి ఉన్నాడు. నేను వచ్చేదాకా ఉన్నాడు.

"గొడుగు ఉందా?" అని అడిగాడు. చెల్లెమ్మా అనలేదు. మేడమ్ కూడా అనలేదు.

ఉందన్నాను. సంచి మీద చెయ్యి వేసి చూపించాను కూడా.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత తడుస్తూ వచ్చాను.